ఆ అంకె ఎక్కడి నుంచి వచ్చింది? సీఎన్‌సీ మెషీన్ సెట్టింగుల గురించి మన పిల్లలకు నాలుగు మాటలు

పోస్టు కొంచెం పెద్దదే. ఐటీఐ, పాలిటెక్నిక్ చదువుతున్న మన పిల్లలు మాత్రం ఓపిక చేసుకుని చివరిదాకా చదవాలని మా కోరిక.

మేం నలుగురం. భద్రాచలం ఏజెన్సీ వాళ్లం. ముగ్గురం కోయ, ఒకరు కొండరెడ్డి. ఫిట్టర్, టర్నర్, ఎలక్ట్రీషియన్ ట్రేడుల్లో ఐటీఐ చేసి, కొన్నేళ్లు నగరంలో ఆపరేటర్లుగా పని చేసి తిరిగొచ్చాం. ఇప్పుడు ఒక రేకుల షెడ్డులో సెకండ్ హ్యాండ్ సీఎన్‌సీ రూటర్ పెట్టుకుని తలుపుల మీద డిజైన్లు, బడులకు నేమ్ బోర్డులు చెక్కుతున్నాం.

నగరంలో మేం చూసింది ఒకటుంది. మన పిల్లలు చాలామంది ఆపరేటర్ దగ్గరే ఆగిపోతున్నారు. ముక్క బిగించు, పచ్చ బటన్ నొక్కు, ముక్క తీయి. అంతే పని. సెట్టింగుల పేజీ తెరిచేది సెట్టర్. ఆయన జీతం వేరు, మర్యాద వేరు. నిజానికి ఆ పేజీలో బ్రహ్మవిద్య ఏమీ లేదు. గుణకారం, భాగహారం వస్తే చాలు. కానీ అంతా ఇంగ్లీషులో ఉంటుంది. ఇంట్లో కోయ, బడిలో తెలుగు, మెషీన్ ముందు ఇంగ్లీషు. ఆ మూడో మెట్టు దగ్గరే మనవాళ్లు వెనకాడతారు. అందుకే మాకు తెలిసినంత తెలుగులో రాస్తున్నాం.

మా మెషీన్ అమ్మినాయన "సెట్టింగులు ముట్టుకోవద్దు" అని చెప్పి పోయాడు. ప్లైవుడ్ మీద బాగానే నడిచింది. టేకు మీద లోతుగా చెక్కేసరికి డిజైన్ సగంలో పక్కకు జరిగిపోయేది. టెక్నీషియన్‌ను పిలిస్తే రానుపోను ఛార్జీలు, ఆ రోజు కూలీ మేమే పెట్టుకోవాలి. వచ్చి ఏదో అంకె మార్చేవాడు. ఎందుకు మార్చాడో చెప్పేవాడు కాదు. రెండుసార్లు అలా అయ్యాక, ప్రతి అంకె ఎక్కడి నుంచి వచ్చిందో మేమే తేల్చుకుందామని నోట్‌బుక్ పెట్టుకుని కూర్చున్నాం.

మాది మాక్3 సాఫ్ట్‌వేర్. పాత 32 బిట్ విండోస్ కంప్యూటర్, ప్యారలల్ పోర్టు. ముందు కాన్ఫిగ్ మెనూలో నేటివ్ యూనిట్స్ మిల్లీమీటర్లకు పెట్టాలి. తర్వాత మోటార్ ట్యూనింగ్ పేజీ. అందులో ముఖ్యమైనవి మూడే: స్టెప్స్ పర్ యూనిట్, వెలాసిటీ, యాక్సిలరేషన్.

మొదటిది స్టెప్స్ పర్ యూనిట్. అంటే బిట్ ఒక మిల్లీమీటర్ జరగాలంటే మోటారుకు ఎన్ని పల్సులు పంపాలి అని. స్టెప్పర్ మోటార్ ఒక అడుగుకు 1.8 డిగ్రీలు తిరుగుతుంది. అంటే పూర్తి చుట్టుకు 200 అడుగులు. డ్రైవర్ మీద ఉండే చిన్న డిప్ స్విచ్‌లతో ఒక్కో అడుగును 8 ముక్కలు చేశాం. 200 × 8 = 1600 పల్సులు. మా బాల్ స్క్రూ ఒక చుట్టుకు 5 మి.మీ. జరుపుతుంది. 1600 ÷ 5 = 320. అంతే, ఆ పేజీలో ఉన్న 320 ఇదే. జడ్ యాక్సిస్ స్క్రూ 4 మి.మీ.ది, కాబట్టి అక్కడ 400.

లెక్క వేశాక కొలవాలి. 300 మి.మీ. జరగమని చెప్పి స్టీల్ స్కేలుతో చూడండి. సరిగ్గా సగమో, రెట్టింపో జరిగితే డిప్ స్విచ్ తప్పు. కొద్దిగా తేడా ఉంటే వెంటనే అంకె మార్చకండి. స్క్రూలో లూజు ఉందేమో చూడండి, దాన్ని బ్యాక్‌లాష్ అంటారు. ఎప్పుడూ ఒకే వైపు నుంచి వచ్చి కొలిస్తే ఆ లూజు లెక్కలోకి రాదు. అప్పుడు కనిపించే తేడానే అసలు తేడా. ఇంకో మాట. ఒక యాక్సిస్ అంకెలు పెట్టాక "సేవ్ యాక్సిస్ సెట్టింగ్స్" నొక్కాకే ఇంకో యాక్సిస్‌కు వెళ్లాలి. లేదంటే పెట్టిందంతా పోతుంది.

రెండోది వెలాసిటీ, అంటే గరిష్ఠ వేగం. దీనికి కంప్యూటర్ వైపు నుంచి ఒక హద్దు ఉంటుంది. మాక్3ని 25 కిలోహెర్ట్జ్ మీద నడిపితే సెకనుకు 25,000 పల్సులే పంపగలదు. 25,000 ÷ 320 అంటే సెకనుకు సుమారు 78 మి.మీ., నిమిషానికి సుమారు 4,687. అంతకు మించి ఈ ఏర్పాటులో రాదు. అమ్మినాయన 4500 పెట్టి ఉంచాడు. కంప్యూటర్ పంపగలదు సరే, మోటార్ లాగగలదా? స్టెప్పర్ మోటారుకు వేగం పెరిగేకొద్దీ బలం తగ్గుతుంది. బరువు పడితే అడుగు తప్పుతుంది. మా మెషీన్‌లో ఎన్‌కోడర్ లేదు కాబట్టి అడుగు తప్పిన సంగతి సాఫ్ట్‌వేర్‌కు తెలియదు. స్క్రీన్ మీద అంకెలన్నీ సరిగ్గానే ఉంటాయి, చెక్క మాత్రం పాడవుతుంది. టేకు మీద డిజైన్ జరిగిపోవడానికి కారణం ఇదే.

మేం చేసిన పరీక్ష ఇది. బెడ్ మీద తెల్ల టేపు అంటించి పెన్సిల్‌తో ప్లస్ గుర్తు గీశాం. సన్నటి వీ బిట్ మొన దాని మీదకు తెచ్చి సున్నా పెట్టాం. తర్వాత బిట్ పైకెత్తి, పూర్తి వేగంతో 20 సార్లు అటూ ఇటూ తిప్పి మళ్లీ సున్నాకు రమ్మన్నాం. మొన గుర్తు మీదకు రాకపోతే అడుగులు తప్పినట్టే. తప్పే వేగం ఎంతో కనిపెట్టి, దానికంటే మూడో వంతు తగ్గించి 3000 దగ్గర ఆగాం.

మూడోది యాక్సిలరేషన్, అంటే ఆ వేగాన్ని ఎంత తొందరగా అందుకోవాలి అని. లోడు ఎత్తిన ఎడ్లబండిని ఒక్క ఉదుటున లాగిస్తే ఎద్దు మోకాళ్ల మీద పడుతుంది. మెల్లగా కదిలిస్తే అదే ఎద్దు అదే బరువును ఊరు దాటిస్తుంది. మోటార్ సంగతీ అంతే. ఇదీ లెక్కే. నిమిషానికి 3000 అంటే సెకనుకు 50 మి.మీ. యాక్సిలరేషన్ 200 పెడితే ఆ వేగం అందుకోవడానికి పావు సెకను, 6.25 మి.మీ. దూరం పడుతుంది. ఆకులు, తీగలు, నెమలి ఈకల్లాంటి డిజైన్‌లో ఒక్కో గీత 4, 5 మి.మీ. కూడా ఉండదు. అంటే మెషీన్ పూర్తి వేగాన్ని అందుకోనే అందుకోదు. వెలాసిటీ ఎంత పెంచినా పని తొందరగా కాదు. సన్న పనిలో సమయాన్ని తేల్చేది యాక్సిలరేషనే. జీ64 మోడ్‌లో మూలలు గుండ్రంగా వస్తున్నాయంటే కూడా దీన్నే ముందు చూడాలి. మేం దీన్ని మెల్లగా పెంచుతూ, ప్రతిసారీ ఆ పెన్సిల్ గుర్తు పరీక్ష చేస్తూ 350కి చేరాం. ఆ తర్వాత టేకు తలుపు జరగలేదు.

ఇక జాయ్‌స్టిక్. కీబోర్డు బాణాలతో బిట్‌ను చెక్క దగ్గరకు తేవడం కష్టం. చూపు చెక్క మీద ఉండాలి, చెయ్యి కంప్యూటర్ దగ్గర ఉంటుంది. ఆటలాడుకునే యూఎస్‌బీ గేమ్‌ప్యాడ్ తక్కువ ధరకే దొరుకుతుంది. ప్లగిన్ ద్వారా మాక్3కి కలుపుకోవచ్చు. కానీ ఆటలో తేడా వస్తే బొమ్మ చచ్చిపోతుంది. ఇక్కడ వేలు పోతుంది. ఊరికే అనడం లేదు. మాలో ఒకరు నగరంలో ఒక చిన్న వర్క్‌షాప్‌లో చేసేటప్పుడు, గేమ్‌ప్యాడ్‌ను ఎవరూ ముట్టుకోకుండానే మెషీన్ దానంతటది కదిలి, తోటి కుర్రాడి వేలు గ్యాంట్రీకి, ఫ్రేముకి మధ్య నలిగింది. "మెషీన్‌కు పిచ్చి పట్టింది" అన్నారు అక్కడ. పిచ్చి కాదు, దానికీ లెక్క ఉంది.

మామూలు గేమ్‌ప్యాడ్ పుల్ల స్థానాన్ని 0 నుంచి 255 వరకు అంకెగా పంపుతుంది. వదిలేస్తే మధ్యలో 128 దగ్గర ఆగాలి. పాతబడి స్ప్రింగు వదులైతే 135 దగ్గర ఆగుతుంది. తేడా 7. అంటే 128లో సుమారు 5.5 శాతం. జాగ్ గరిష్ఠ వేగం 3000 అయితే అందులో 5.5 శాతం అంటే నిమిషానికి 160 మి.మీ. పైనే. ఎవరూ ముట్టుకోకుండా సెకనుకు రెండున్నర మిల్లీమీటర్లకు పైగా పాకుతుందన్నమాట.

దీనికి మందు డెడ్ జోన్. కొన్నిట్లో డెడ్‌బ్యాండ్ అంటారు. మధ్యలో ఇంత శాతం లోపు కదలికను పట్టించుకోవద్దని చెప్పడం. మేం 15 శాతం పెట్టాం. ముందు విండోస్‌లో గేమ్ కంట్రోలర్స్ పేజీలో క్యాలిబ్రేట్ చేశాకే ఇది పెట్టాలి.

ఇంకా మేం పాటించేవి కొన్ని. ఒకటి, భుజం బటన్ నొక్కి పట్టుకుంటేనే పుల్ల పని చేసేలా పెట్టుకున్నాం. గేమ్‌ప్యాడ్ కింద పడినా మెషీన్ కదలదు. రెండు, జడ్‌ను వేరే పుల్లకు ఇచ్చాం, దాని వేగం మిగతావాటిలో నాలుగో వంతే. మూడు, దిక్కు సరిచూశాం. చాలా గేమ్‌ప్యాడ్‌లలో పుల్ల ముందుకు తోస్తే అంకె తగ్గుతుంది, కాబట్టి వై యాక్సిస్ తిరగబడుతుంది. పుల్ల ఎటు తోస్తే బిట్ అటు వెళ్లాలి. బెడ్ కదిలే మెషీన్ అయితే బెడ్‌ను చూసి కాదు, చెక్క మీద బిట్ ఎటు పోతోందో చూసి దిక్కు పెట్టాలి. నాలుగు, వైర్‌లెస్ వాడం. జాగ్ మధ్యలో బ్యాటరీ అయిపోతే చివరి ఆదేశమే కొనసాగే ప్రమాదం ఉంది.

అన్నిటికన్నా ముఖ్యం: గేమ్‌ప్యాడ్ మీద స్టాప్ బటన్ పెట్టుకున్నా అది ఎమర్జెన్సీ స్టాప్ కాదు. కంప్యూటర్ బిగుసుకుపోతే ఆ బటన్ ఎవరు వింటారు? ఎర్ర పుట్టగొడుగు బటన్ నేరుగా మోటార్ల, స్పిండిల్ కరెంటు ఆపేలా వైరింగ్ ఉండాలి. లిమిట్ స్విచ్‌లు, ఈ బటన్ నార్మల్లీ క్లోజ్డ్‌గా కలపాలి. అప్పుడు ఎలుక వైరు కొరికినా మెషీన్ ఆగుతుంది. ఓపెన్‌గా కలిపితే వైరు తెగిన సంగతి ప్రమాదం జరిగినప్పుడే తెలుస్తుంది. ఏజెన్సీలో ఎలుకల సంగతి మీకు మేం చెప్పాలా.

మాక్3 కాకపోయినా ఇదే లెక్క. లినక్స్‌సీఎన్‌సీ ఉచితం, దాని మూలం అమెరికా ప్రభుత్వ ప్రమాణాల సంస్థ నిస్ట్ చేసిన పని. అందులో స్టెప్స్ పర్ యూనిట్‌ను స్కేల్ అంటారు, గరిష్ఠ వేగం, యాక్సిలరేషన్ కూడా ఒక టెక్స్ట్ ఫైలులో ఉంటాయి. జీఆర్‌బీఎల్‌లో డాలర్ 100, 110, 120 నంబర్లతో మొదలవుతాయి. పేర్లు మారతాయి, భాగహారం మారదు.

చివరగా తమ్ముళ్లకు, చెల్లెళ్లకు ఒక మాట. ట్రైనింగులోనో ఉద్యోగంలోనో మెషీన్ ముందు నిలబడ్డప్పుడు, ఖాళీ దొరికితే సెట్టింగుల పేజీ చూపించమని సెట్టర్ గారిని అడగండి. మార్చొద్దు, చూడండి. మోటార్ మీద, డ్రైవర్ మీద, స్క్రూ మీద రాసి ఉన్నవి నోట్‌బుక్‌లో దించుకుని ఆ అంకె మీకు వస్తుందో లేదో వేసి చూడండి. వచ్చిన రోజు నుంచి మీరు బటన్ నొక్కే మనిషి మాత్రమే కాదు. సొంత మెషీన్ ఉన్నవాళ్లు మాక్3 ఫోల్డర్‌లోని మీ ప్రొఫైల్ ఎక్స్‌ఎంఎల్ ఫైలును పెన్‌డ్రైవ్‌లో దాచుకోండి. కానీ అంకెలతో పాటు అవి ఎలా వచ్చాయో కూడా కాగితం మీద రాసి షెడ్డు గోడకు అంటించండి. మా గోడ మీద తెలుగులో ఉంది. ఎవరికైనా కావాలంటే ఫోటో తీసి పంపుతాం. కోయలో రాసిస్తామనే పిల్లలుంటే ఇంకా సంతోషం.