ప్లేటు లేని పాటలపెట్టె

సంగీతం వినిపించే యంత్రమంటే అందులో ఏదో ఒకటి తిరగాలన్నది నాబోటివాళ్ళకు చిన్ననాటి నుంచీ ఉన్న నమ్మకం. గ్రామఫోను ప్లేటు తిరిగేది. క్యాసెట్టులో చక్రాలు తిరిగేవి. సీడీ కూడా, కంటికి కనబడకపోయినా, లోపలెక్కడో గిర్రున తిరిగేది. ఇప్పుడు చెప్పబోయే పెట్టెలో తిరిగేదేదీ లేదు. ఇంటి రూటరు నుంచి ఒక తీగ వచ్చి దాని వీపులో దూరుతుంది, రెండు తీగలు బయలుదేరి ఆంప్లిఫయరుకు వెళ్తాయి. అంతే సంగతి. దీన్ని స్ట్రీమర్ అంటారు. తెలుగులో "స్వరవాహిని" అందామా అని ఒక మిత్రుణ్ణి అడిగితే, పెళ్ళిళ్ళలో పాడే ఆర్కెస్ట్రా పేరులా ఉందన్నాడు. కనుక స్ట్రీమర్ అనే అంటాను.

ఖరీదైన స్ట్రీమర్ల గురించి మాట్లాడేటప్పుడు స్కాట్లండులోని గ్లాస్గో నగరాన్ని తలచుకోక తప్పదు. లిన్ అనే సంస్థ 1973లో పుట్టింది అక్కడే. వారికి పేరు తెచ్చింది ఎల్‌పీ12 అనే టర్న్‌టేబుల్. ప్లేటు మీద ముల్లు సరిగా చదవలేకపోయినదాన్ని ఆ తరువాత ఎంత గొప్ప స్పీకరైనా తిరిగి తెచ్చివ్వలేదన్నది వారి వాదం. ప్లేటునే దైవంగా కొలిచిన అటువంటివారు 2007లో క్లైమాక్స్ డీఎస్ అనే స్ట్రీమరును తెచ్చారు. ప్లేటూ లేదు, సీడీ పెట్టే అరా లేదు. 2009లో మరో అడుగు వేసి, ఇక సీడీ ప్లేయర్లు తయారుచేయబోమని ప్రకటించారు. పైకి మతం మారినట్టు కనిపిస్తుంది గానీ, ఆలోచిస్తే అది పాత వాదానికి కొనసాగింపే.

ఎలాగంటారా? సీడీలో ఒక్కో చానెలుకు సెకనుకు 44,100 కొలతలు, ఒక్కో కొలత 16 బిట్లు. 1982లో సీడీ అంగట్లోకి వచ్చిన నాటినుంచీ ఇదే లెక్క. సీడీ ప్లేయరు ఆ కొలతలను పాట నడుస్తుండగానే చదవాలి. గీత పడిన చోట దిద్దుబాటు లెక్కలతో పూడ్చుకోవాలి, అది కుదరకపోతే ఊహించి నింపాలి. వెనక్కి వెళ్ళి మళ్ళీ మళ్ళీ చదివే తీరిక దానికి లేదు. అదే సీడీని కంప్యూటరు చేత నిదానంగా చదివించి ఫైలుగా దాచుకుంటే ఆ తొందర ఉండదు. 2001లో వచ్చిన ఫ్లాక్ పద్ధతి, ఎంపీ3 మాదిరి, చెవికి ఆననివని తాననుకున్నవాటిని పారవేయదు. బట్టలు మడతపెట్టినట్టు మడిచి దాస్తుంది. విప్పి చూస్తే ఒక్క బిట్టు తేడా రాదు. స్ట్రీమరు ఆ ఫైలును పొట్లాలు పొట్లాలుగా తెప్పించుకుంటుంది. దారిలో ఒకటి తప్పిపోతే మళ్ళీ పంపమంటుంది. కొంత ముందుగా తెచ్చి నిలవ చేసుకుని, అందులోంచి తీసి పాడుతుంది. (ఈ ఒక్క సంగతి అర్థమైతే చాలు, వేలకు వేలు పోసి "సంగీతానికి ప్రత్యేకమైన" నెట్‌వర్కు తీగలు కొననక్కరలేదు.)

మరి అంత డబ్బు దేనికి పోస్తున్నట్టు? ముఖ్యంగా గడియారానికి. అంకెలను మళ్ళీ ధ్వనిగా మార్చే చిప్పుకు ప్రతి కొలతా సరిగ్గా దాని వేళకు అందాలి. తాళం వేసే చెయ్యి తడబడితే మృదంగం ఎంత గొప్పదైనా ఏం లాభం? 44,100 కుటుంబానికి 22.5792 మెగాహెర్ట్జుల స్ఫటికం ఒకటి, 48,000 కుటుంబానికి 24.576 మెగాహెర్ట్జుల స్ఫటికం ఒకటి, రెంటినీ ఆ చిప్పు పక్కనే కూర్చోబెడతారు. తరువాతి ఖర్చు విద్యుత్తును శుభ్రపరచడానికి, అంకెల సర్క్యూట్ల రొద ధ్వని సర్క్యూట్లలోకి పాకకుండా గోడలు కట్టడానికి. ఆపైన మిగిలినది అల్యూమినియపు అందానికి. నా చెవులకు మాత్రం, ఒక మేరకు మించి పెట్టిన ప్రతి రూపాయికీ తేడా వినబడదు. వినబడుతుందనేవారితో వాదం పెట్టుకోను. వారి చెవులు వారివి.

రాగం తానం పల్లవిని మూడు ముక్కలుగా కోసి సీడీలో వేస్తారు కదా, ఆ ముక్కల నడుమ అరక్షణం నిశ్శబ్దాన్ని చొప్పించే యంత్రాన్ని, దాని గడియారం ఎంత గొప్పదైనా సరే, నేను ఇంట్లోకి రానివ్వను.

నేను కొన్నది మధ్యరకపు ధరదే. పేరు అవసరం లేదు. పెట్టిన మొదటివారంలో నన్ను నిలబెట్టింది ధ్వని కాదు, పాట పేరు కింద చూపించే వివరం. 1957 నాటి 'మాయాబజార్' పాటలు తెరిచాను. ఒకచోట గాయకుడుగా ఘంటసాల, మరోచోట గాయకుడి గడిలోనే పింగళి నాగేంద్రరావు. ఆ చిత్రానికి తెరమీద సంగీత దర్శకుని పేరు ఘంటసాలదే అయినా, మొదట పనిచేసిన సాలూరి రాజేశ్వరరావు నాలుగు పాటలకు బాణీలు కట్టి తప్పుకున్నారన్నది పాత పాటలు వినేవారందరికీ తెలిసినదే. ఆ సంగతి చెప్పేందుకు ఈ యంత్రపు తెరమీద గడే లేదు. గ్రామఫోను ప్లేటు మధ్యన అరచేయంత కాగితం ఉండేది, దానిమీద ఈ తెరకన్నా నమ్మదగిన రాత ఉండేది. కర్ణాటక సంగీతం సంగతి ఇంకా విచిత్రం. రాగం లేదు, తాళం లేదు, పక్కవాద్యాలు అసలే లేవు, అన్నిటికీ కలిపి "వరల్డ్ మ్యూజిక్" అని ఒక ముద్ర. నిజానికి ఫ్లాక్ ఫైలులో మనకు కావలసిన గడి ఏదైనా చేర్చుకోవచ్చు, తెలుగు లిపిలోనే రాసుకోవచ్చు. నేను రాసుకున్నాను కూడా. ఫైలులో భద్రంగా ఉన్న "ముఖారి" తెరమీదికి మాత్రం రాదు.

ధ్వని విషయంలోనూ ఇటువంటిదే ఒకటి ఉంది. పాత పాటలకు 24 బిట్లు, 192 కిలోహెర్ట్జులు అని బంగారురంగు బిళ్ళ తగిలించి వడ్డిస్తున్నారు. సీడీతో పోలిస్తే ఆరున్నర రెట్ల అంకెలు. 78 తిరుగుళ్ళ ప్లేటులో మనకు పనికొచ్చే ధ్వని చాలామటుకు పదివేల హెర్ట్జుల లోపే. సీడీయే 22,000 దాకా మోయగలదు. గంగాళం ఎంత పెద్దదైతేనేం, పోసినది శేరు పాలే కదా! పైగా బుసను తుడిచే ఉత్సాహంలో తంబురా జీరను కూడా తుడిచేసిన సందర్భాలున్నాయి. మామూలు స్పీకర్లలో ఇది తెలియదు. మంచి యంత్రం పెట్టాక గొంతు చుట్టూ ఉన్న గాలి మాయమైపోవడం స్పష్టంగా తెలుస్తుంది. ఒకే పాటకు రెండు మూడు ప్రతులు దొరుకుతాయి. ఏది ఏ టేపు నుంచి, ఎవరు, ఎప్పుడు ఎక్కించారో ఏ సేవా చెప్పదు.

ఒకనాటి ఉదయం నా జాబితాలో పదకొండు పాటలు బూడిదరంగుకు తిరిగాయి. హక్కుల ఒప్పందం ముగిసిందట. నెలనెలా చందా కడుతున్నాను కనుక అవి నావన్న భ్రమేమీ నాకు లేదు. అయినా ఆ బూడిదరంగు చూస్తే ఎవరో ఇంట్లోకి వచ్చి బీరువా తెరిచినట్టు అనిపించింది.

యంత్రాలకూ ఇదే గతి పట్టవచ్చు. స్లిమ్ డివైసెస్ అనే చిన్న అమెరికా సంస్థ 2003లో స్క్వీజ్‌బాక్స్ తెచ్చింది. 2006లో ట్రాన్స్‌పోర్టర్ అని 1,999 డాలర్ల మేలిరకం స్ట్రీమరు తెచ్చింది. ఆ ఏడాదే లాజిటెక్ ఆ సంస్థను కొన్నది, 2012లో స్క్వీజ్‌బాక్స్ వరుసను ఆపివేసింది, 2024లో వాటికి అంతర్జాలంలో ఊతంగా ఉన్న సర్వరును మూసివేసింది. అవన్నీ పాత ఇనుము కావలసినవే. కాలేదు. ఎందుకంటే ఇంట్లోని కంప్యూటరులో నడిచే వాటి సర్వరు, పెర్ల్ భాషలో రాసినది, మొదటినుంచీ అందరికీ తెరిచి ఉంచిన సాఫ్టువేరు. ఊరూపేరూ తెలియని ఔత్సాహికులు దాన్ని బతికించుకున్నారు. ఇప్పుడు దాని పేరు లిరియన్. 2006 నాటి ట్రాన్స్‌పోర్టరు దానితో ఈ రోజుకీ పాడుతుంది. లిన్ వారి దారి వేరు: పాత పెట్టెను పారవేయనక్కరలేకుండా లోపలి బోర్డులను మార్చి ఇస్తారు. ఖర్చు ఎక్కువే, కానీ మర్యాదైన పద్ధతి.

అందుకే స్ట్రీమరు కొనబోయే మిత్రులెవరైనా అడిగితే నేను గడియారం గురించి చెప్పను. దుకాణంలో బయటి అంతర్జాలపు తీగ పీకించి, పెన్‌డ్రైవులో తీసుకెళ్ళిన మీ ఫైలును పాడించమనండి, అంటాను. లాగిన్ అడిగితే నమస్కారం పెట్టి వచ్చేయండి.

నాకు ఈ పట్టుదల ఎందుకంటే, నేను అందరికన్నా ఎక్కువగా వినేవి ఏ సేవలోనూ లేవు. విజయవాడ ఆకాశవాణి భక్తిరంజనిని మా నాన్నగారు తెల్లవారుజామున లేచి టూ-ఇన్-వన్‌లో రికార్డు చేసిన క్యాసెట్లవి. మధ్యలో స్టేషను పేరు వస్తుంది, ఒకచోట అమ్మ "పాలు పొంగాయి" అంటుంది, వెంటనే నాన్నగారు "ష్!" అంటారు. ఏ గాయని పాడిందో చాలా పాటలకు తెలియదు. ఆ క్యాసెట్లను ఒక్కొక్కటే కంప్యూటరులోకి ఎక్కిస్తున్నాను. బుస తుడవడం లేదు. గాయని గడిలో "తెలియదు" అని, మరో గడిలో "నాన్నగారి క్యాసెట్టు 7, రెండో వైపు" అని రాస్తున్నాను.

ఇంకా పద్నాలుగు మిగిలాయి. ఒకదానిలో టేపు తెగింది. అది అంటించేసిన రకం డబ్బా, విప్పడానికి స్క్రూలు లేవు. స్క్రూలున్న పాత క్యాసెట్టు ఒకటి సంపాదించి, టేపును అందులోకి మార్చాలి.