ఇల్లు చూచి ఇల్లాలిని చూడవలెనా?

"ఇల్లు చూచి ఇల్లాలిని చూడు" మని మనవారిలో నొక సామెత కలదు. వినుట కిది యింపుగానే యుండును. అలికి ముగ్గు పెట్టిన వాకిలియు, దుమ్ములేని గూళ్లును, సున్నము తళతళలాడు గోడలును కనబడినచో ఆ యింటి గృహిణి నేర్పరి యని లోకము మెచ్చుకొనును. కాని యీ సామెతకు వెనుకవైపు కూడ నున్నది. గోడ పెచ్చులూడినను, కప్పు కారి చాఱలు పడినను, తలుపుల రంగు వెలసినను నింద యంతయు నామెపైననే పడును. ఆ గోడకు సున్నము వేయించుటకు తగిన పైక మామె చేతిలో తఱచుగా నుండదు. ఏ రంగు వేయవలెనో నిర్ణయించు నధికార మంతకన్నను ఉండదు. అధికారము లేనివారిపై బాధ్యత మోపుట యన్యాయమని సభలలో మనమందఱము నొప్పుకొందుము. ఇంటికి వచ్చిన పిమ్మట మఱచిపోవుదుము.

స్వల్పవ్యయముతో ఇంటిని తీర్చుకొనుటను గుఱించి నాలుగు మాటలు వ్రాయవలెనని కూర్చున్నప్పుడు నాకు మొట్టమొదట తోచినది ఈ సంగతియే. ఇది యొక్క రూపాయలు మిగుల్చుకొను విషయము మాత్రమే కాదు. ఇంటిగోడ యెవరి సొత్తు, దానిపై నెవరి చేయి ఆడవలెను, ఎవరి యిష్టము చెల్లవలెను అను ప్రశ్న దీనిలో నున్నది.

మన మధ్యతరగతి కుటుంబములలో గోడల సంగతి యెప్పుడు జ్ఞప్తికి వచ్చును? పెండ్లి కుదిరినప్పుడు. వియ్యాలవారు వచ్చులోపల ఇంటికి మెఱుగు పెట్టవలెనను తొందర పుట్టును. అప్పటివఱకు పదేండ్లు చూడని గోడలను పదిదినములలో మార్చవలెను. బేరము చేయుటకు వ్యవధి యుండదు; చవుడు పట్టిన గోడను ఆరబెట్టుటకు వ్యవధి యుండదు. అప్పు తెచ్చి, తేమమీదనే ఖరీదైన రంగు పూయింతురు. రెండు వానకాలములు గడచునప్పటికి రంగు బొబ్బలెక్కి రాలిపోవును. రంగు పోయినను వడ్డీ మాత్రము పోదు. పరుల కన్నులకొఱకు వేసిన రంగునకు నిది సహజమైన గతి. ఇంటివారి కన్నులకొఱకు వేయు రంగు వేఱు. అది నిదానముగా, ఒక్కొక్క గోడగా, చేతిలోనున్న దానితో వేయబడును.

చేతిలోనున్న వానిలో నెల్ల చౌకయైనది సున్నము. సున్నపురాతిని గాని గుల్లలను గాని బట్టీలో సుమారు 900 డిగ్రీల సెంటిగ్రేడు వేడిలో కాల్చినచో దానిలోని బొగ్గుపులుసు వాయువు వెడలిపోయి కాల్చిన సున్నము మిగులును. నీరు పోయగానే అది బుసబుస పొంగి మిక్కిలి వేడి పుట్టించును. ఆ సమయమున పిల్లలను దగ్గఱకు రానీయరాదు. గోడ కెక్కిన పిమ్మట ఆ సున్నము గాలిలోని బొగ్గుపులుసు వాయువును తిరిగి లాగుకొని మరల రాయి యగును. వెల్లవేయుట యనగా గోడపై పలుచని రాతిపొర పఱచుటయే. ఆ పొర క్షారగుణము కలది గనుక బూజు నంత సులభముగా పట్టనీయదు. చెమ్మను లోపల బంధింపక వెలుపలికి పోనిచ్చును. పాతకాలపు మట్టిగోడలకును, సున్నపుగారకును నింతకన్న నప్పునది లేదు.

పని చేయు పద్ధతి కష్టమైనది కాదు. సున్నపుతేటను గుడ్డతో వడియగట్టి, కరగించిన తుమ్మబంక కొంచెము కలిపి, మజ్జిగవలె పలుచన చేయవలెను. తెలుపు నిగ్గు తేలుటకు బట్టలకు వాడు నీలిమందు చిటికెడు చాలును. గోడను ముందుగా నీటితో తడిపి, నారకుంచెతో పలుచగా రెండు మూడు పూతలు వేయవలెను. తడిగా నున్నప్పుడు పూత యేమియు కనబడదు, ఆరినకొలది తెల్లనగును. ఈ సంగతి తెలియనివారు తొందరపడి చిక్కగా పట్టింతురు. అట్టిది పొడియై బట్టలకంటును. నూనెరంగు వేసిన గోడపై సున్నము నిలువదు. కంటిలో చుక్కయైనను పడకుండ జాగ్రత్తపడవలెను.

తెలుపు ఒక్కటియే చాలదనువారికి మన్ను కలదు. మన పల్లెలలో గోడ యడుగున పట్టెగా తీర్చు జాజు ఇనుపతుప్పు వంటి పదార్థము కలిసిన మన్నే గనుక ఎండకు వెలవెలబోదు. పసుపువన్నె మట్టియు నట్టిదే. దానిని కాల్చినచో నెఱ్ఱబడును. వంటింటి పసుపు మాత్ర మీ పనికి రాదు. సున్నము తగిలినంతనే అది పారాణివలె నెఱుపెక్కును, ఎండ తగిలినచో వెలసిపోవును. అనంతపురపు సీమలోని లేపాక్షి వీరభద్రాలయపు కప్పుపై 16వ శతాబ్దమున చిత్రములు వ్రాసినవారు నమ్ముకొన్నది ఎఱ్ఱమన్ను, పసుపుమన్ను, మసి, సున్నము మొదలైన సామాన్యవస్తువులనే. రాజుల యాదరమున వెలసిన చిత్రములకు చాలిన మన్ను మన నడవగోడకు చాలదా?

ఇప్పుడు పట్టణములలోని యిండ్లు సిమెంటువి. వానికి డిస్టెంపరో, ఎమల్షనో వేయుదురు. అక్కడను లెక్క తెలిసినచో వ్యయము తగ్గును. 10 అడుగుల పొడవు, 10 అడుగుల వెడల్పు, 10 అడుగుల యెత్తుగల గదికి నాలుగు గోడలును కలిసి 400 చదరపుటడుగులు. కిటికీలును తలుపులును తీసివేసి, డబ్బాపై వ్రాసిన కొలతతో పోల్చి చూచుకొన్నచో దుకాణదారుడు చెప్పినంత కొననక్కఱలేదు. నాలుగింటికిని చాలని పైక మున్నప్పుడు వెలుతురు పడు నొక్క గోడకు నచ్చిన రంగు వేసి, తక్కిన మూడింటిని సున్నపుతెలుపుతోనో, చౌకయైన తెల్లని డిస్టెంపరుతోనో విడువవచ్చును. గది యంతయు మాఱినట్లే యుండును. కాని చవుడు పొంగిన చోట, నీరు కాఱు చోట మొదట ఆ కారణమును మాన్పక ఏ రంగు వేసినను డబ్బు గోడకు కొట్టినట్లే.

ఇంకొక్క జాగ్రత్త కలదు. పాత తలుపులకును కిటికీ చువ్వలకును వేసిన నూనెరంగులలో సీసము విరివిగా నుండెడిది. అది పిల్లల మెదడునకు హాని చేయును. ఇండ్లలో వాడు రంగులలో సీసము పదిలక్షల భాగములకు 90 భాగములు మించరాదని 2016లో భారత ప్రభుత్వము నియమము చేసెను; 2017 నవంబరు నుండి అది యమలులోనికి వచ్చెను. అంతకు ముందటి రంగును పొడిగా గీకరాదు. గరుకు కాగితమును తడిపి రుద్ది, రాలిన పొడిని తడిగుడ్డతో తీసి, ఆ దినము పిల్లలను వేఱొకచోట నుంచవలెను.

గోడ సిద్ధమైన పిమ్మట దానిపై నేమి యుంచవలెను? మన యిండ్లలో నీ ప్రశ్నకు దుకాణములవారే సమాధానము చెప్పుచున్నారు. కిరాణావారి కాలెండరు, నగలవారి కాలెండరు, మందులవారి కాలెండరు — మూడు మేకులు, మూడు ప్రకటనలు. అచ్చుబొమ్మను నేను తేలికగా చూచువాడను కాను. రవివర్మ 1894లో బొంబాయిలో అచ్చుకూటము పెట్టి దేవతల చిత్రములను చౌకగా అచ్చువేయించినందున అవి సామాన్యుల యిండ్లలో ప్రవేశించినవి. మద్రాసు రాష్ట్రమంతటను ఆలయప్రవేశపు హక్కు నిచ్చు చట్టము వచ్చినది 1947లో. అంతవఱకు గుడిలోనికి పోనీయబడని వారి గుడిసెలలోనికి ఆ లక్ష్మియు నా సరస్వతియు కాగితముపైనైనను రాగలిగిరి. అది చిన్న సంగతి కాదు. కాని అచ్చుబొమ్మను గోడపై నిలిపిన మనము, చేతితో గీయువారిని వాకిటిలోనే నిలిపితిమి. ఇది నా ఫిర్యాదు.

ప్రతి తెలుగింటను చిత్రకళ తెలిసినవా రొకరుందురు. దినదినమును తెల్లవాఱుజామున నేలపై నామె వ్రాయు చిత్రము ఎనిమిది గంటలకే చెప్పుల క్రింద నలగిపోవును. మా పిన్ని అట్టివారిలో నొకతె. ఆమెకు అఱువదియేండ్లు దాటినవి. 21 చుక్కలు పెట్టి, 11 వచ్చువఱకు సందుచుక్కతో దింపి, చేయి యెత్తకుండ మెలికల ముగ్గు వేయగలదు. ఒక సంక్రాంతికి ముందు వారింట నడవకు వెల్లవేయుచుండగా, ఆ ముగ్గును గోడపై వేయుమని నేనడిగితిని.

"గోడమీద ముగ్గేమిటిరా! నలుగురూ చూసి నవ్విపోతారు" అని యామె తోసివేసెను.

"నేలమీద వేస్తే నవ్వనివారు గోడమీద వేస్తే ఎందుకు నవ్వుతారు, పిన్నీ?"

ఆమె కొంతసేపు మాటలాడలేదు. పిమ్మట నిట్లనెను: "నేలమీదిది మర్నాటికి పోతుందిరా. గోడమీదిది ఉండిపోతుంది. ఎక్కడైనా చేయి తప్పితే రోజూ కనబడుతూనే ఉంటుంది."

ఆ మాట నేనింకను మఱవలేదు. అఱువదియేండ్లలో నామె చేతిపని యేదియు నిలిచియుండుట కలవాటుపడలేదు. వంట తినబడును, అలుకు చెఱగును, ముగ్గు తొక్కబడును. నిలిచియుండునది మగవారి పని యనియు, చెఱగిపోవునది ఆడవారి పని యనియు మన మేర్పఱచిన విభాగమును ఆమె మనసు కూడ నమ్మినది.

ఎట్టకేలకు ఒప్పుకొనెను. జాజుపూత ఆరిన పిమ్మట దారమును సున్నపునీటిలో ముంచి, ఒక కొన తాను పట్టుకొని, రెండవ కొన బాబాయికిచ్చి, గోడకు తాటించి గీతలు తీసెను. ఆ గీతల కూడలులలో చుక్కలు పెట్టెను. మూడు సాయంకాలములు పట్టినవి. బాబాయి పీట పట్టుకొని నిలుచుండెను. సున్నము కలిపి యిచ్చెను. ముగిసినప్పుడు పిన్ని నాలుగడుగులు వెనుకకు వచ్చి, కొంగుతో చేతులు తుడుచుకొనుచు చాలసేపు చూచెను. తరువాత, "ఆ కాలెండరు తీసి వంటింట్లో పెట్టండి" అని బాబాయితో చెప్పెను. ఆయన తీసిపెట్టెను. పండుగనాడు వచ్చిన చుట్టమొకరు దీని నెవరు వేసిరని యడిగినప్పుడు బాబాయి, "మా ఆవిడ వేసింది" అని చెప్పెను. ఆయన నోట నామె పనితనమును గుఱించి నేను విన్న మొదటి మాట యది. ఖర్చు లెక్క చూడగా కుంచెతో కూడ నొకపూట సంత వ్యయమునకు మించలేదు.

గోడపై వ్రాయుట మనదేశమున క్రొత్త కాదు. గిడుగు రామమూర్తిగా రెవరి భాష నేర్చి నిఘంటువు కూర్చిరో ఆ సవరలు ఎఱ్ఱమట్టి పూసిన గోడపై బియ్యపుపిండితో మనుష్యులను, చెట్లను, జంతువులను వ్రాయుదురు. వారికది పూజ. దానిని చూచి నకలు తీసి మన సావడిలో వేలాడదీయుమని నేను చెప్పను. మన చేతికి వచ్చినది మనము వ్రాయవలెనని మాత్రమే చెప్పుదును. ముగ్గు రానివారు చిరిగిన పట్టుచీర యంచును చెక్కపై బిగించి కట్టవచ్చును. పాతబడిన పెడన కలంకారీ దుప్పటిలో చిరుగని భాగమును కత్తిరించి చట్టములో పెట్టవచ్చును. పిల్లలు బొగ్గుతో గీసిన యేనుగును చెఱిపివేయుటకు ముందొకసారి నిదానించి చూచి, కాగితమిచ్చి మరల గీయించి, తేదీ వేసి గోడ కంటింపవచ్చును. అద్దెయింట మేకు కొట్టనీయనిచో పైనున్న కొక్కెమునుండి దారము వ్రేలాడగట్టినను చాలును.

ఆడువారికి పనులు తక్కువయా, ఈ గోడపని కూడ వారి నెత్తిన పెట్టుచున్నారని చదువరులలో కొందఱనవచ్చును. ఆ యాక్షేపణ న్యాయమైనది. కనుకనే నిచ్చెన యెక్కుట, పాతరంగు గీకుట, సున్నము మోయుట, పని ముగిసిన పిమ్మట నేల కడుగుట మగవారి వంతని నేను చెప్పుదును. వెలుపలి యెత్తైన గోడలకు పనివానిని పిలిచి, బేరమాడి క్రుంగదీయక తగిన కూలి యియ్యవలెను. ఏ రంగు, ఏ బొమ్మ, ఎచ్చటననునది మాత్రము ఇంటిలో నెక్కువసేపు గడపువారి యిష్టమునకు విడువవలెను. ఈ క్రమము పాటించిన యింట "ఇల్లు చూచి ఇంటివారినందఱను చూడు" మని సామెతను దిద్దుకొనవచ్చును.

రాబోవు పండుగకు వెల్లవేయుటకు తలపెట్టిన సోదరులు దుకాణమునకు పోవుటకు ముందు ఇంటిలో నొక్క ప్రశ్న వేయుదురు గాక: "ఈ గోడ ఎట్లా ఉంటే నీకు బాగుంటుంది?" సమాధానము వెంటనే రాకపోవచ్చును. అడుగబడుట కలవాటులేనివారు ఆలోచించుటకు కొంత వ్యవధి పట్టును. అంతవఱకు సున్నము నాననిండు.