ఐదు స్కూట్ల లెక్క

నూటొక్క పాయింట్ల పూల్ రమ్మీ ఆడినవాళ్లకి ఒక లెక్క తెలిసే ఉంటుంది. చేతికొచ్చిన ముక్కలు చూసుకుని, బాగాలేవని ఆడకుండానే పక్కన పెట్టేస్తే స్కూట్. ఇరవై పాయింట్లు పడతాయి. ఒక చుట్టు ఆడాక పారేస్తే నలభై. పంతం కొద్దీ చివరిదాకా కూర్చుని, జోకరు లేని సీక్వెన్సు ఒక్కటి కూడా కలవకపోతే ఫుల్ కౌంట్, ఎనభై. నూటొకటి చేరితే ఔట్. అంటే వరసగా ఐదుసార్లు స్కూట్ చేసినా మనిషి వంద దగ్గర బతికే ఉంటాడు. ఒక్క ముక్క కూడా ఎత్తకుండా!

ఈ లెక్క నాకు చెప్పింది మా మేనమామ. తూపిలిపాలెం ఇసకలో, ఒడ్డుకి లాగిన పడవ నీడలో, నా పదో తరగతి సెలవుల్లో. మాకు సెలవులొచ్చే రోజుల్లోనే సముద్రానికీ సెలవులు. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా, మొత్తం 61 రోజులు, చేపలు గుడ్లు పెట్టే కాలమని ఇంజను పడవల వేట ఆపేస్తారు. వలలు బాగుచేసుకోవడం ఎంతసేపు చేస్తారు? మధ్యాహ్నమయ్యేసరికి పేక దిగేది. మామ ఆటలో గొప్పతనమేంటంటే, ఎదుటివాడు ఏం వేశాడో అందరూ చూస్తారు కదా, ఈయన ఏం వెయ్యడంలేదో చూసేవాడు. "వాడు మూడు చుట్లుగా కళావరు ముట్టుకోలా. కూడబెడతా ఉండాడు" అనేవాడు. అది నిజమయ్యేది.

తర్వాత ఫోన్లొచ్చాయి. ఫోన్లతోపాటు రమ్మీ యాప్‌లూ వచ్చాయి. 2020 సెప్టెంబరులో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ రమ్మీని నిషేధించింది. తెలంగాణ అంతకు మూడేళ్ల ముందే, 2017లో ఆ పని చేసింది. ఇందులో ఒక తమాషా ఉంది. రమ్మీ కేవలం అదృష్టం మీద నడిచే ఆట కాదు, పడిన ముక్కల్ని గుర్తుపెట్టుకోవాలి, ఏది ఉంచుకోవాలో ఏది వదలాలో తెలియాలి, కాబట్టి ప్రధానంగా నైపుణ్యం ఆటే అని సుప్రీంకోర్టు 1967లో చెప్పింది. ఆ కేసు పుట్టింది సికింద్రాబాదులోని ఒక క్లబ్బులో. దేశంలో ప్రతి రమ్మీ కంపెనీ లాయరూ కోర్టులో ముందుగా తీసే కాగితం అదే. దానిమీద పేరు మాత్రం ఆంధ్రప్రదేశ్ రాష్ట్రానిది.

నిషేధం వచ్చాక మామ ఫోన్లో యాప్ తెరిస్తే, మీ రాష్ట్రంలో డబ్బుతో ఆడటం కుదరదని వచ్చేది. ఆయన కొన్నాళ్లు తిట్టుకుని మానేశాడు. పక్కన తమిళనాడులోనూ ఇలాంటి చట్టమే చేశారు కానీ, 2021 ఆగస్టులో మద్రాసు హైకోర్టు దాన్ని కొట్టేసింది. మళ్లీ ఆర్డినెన్సు వచ్చింది 2022 అక్టోబరులో. ఈ రెంటికీ మధ్య ఏడాది పైచిలుకు కాలం, తడ దాటి సరిహద్దు అవతల నిలబడితే చాలు, అదే ఫోను అదే యాప్ తలుపు తెరిచేది.

2022 మే నెలలో ఒకరోజు మామ ఫోను. నేనప్పుడు చెన్నైలో ఉద్యోగం చేస్తున్నా.

"అబ్బయా, ఆరంబాకం వచ్చుండా. ఈడ ఆడనిస్తా ఉందిరా."

ఆ వెనకే ఒక స్క్రీన్‌షాట్. యాప్ వాళ్లు ఎండాకాలం స్పెషల్ అని పది రోజుల టోర్నమెంటు పెట్టారు. బల్లకి ఆరుగురు, ఆరు ఆటలు. ఆరో ఆట అయ్యేసరికి ఎవడి దగ్గర చిప్స్ ఎక్కువుంటే బల్ల మీది డబ్బు వాడిది. గెలిచిన బల్లలన్నీ పది రోజులపాటు ఒక పట్టికలో లెక్కకొస్తాయి, పట్టికలో పైనున్నవాడికి బైకు. తెర మూలన ఎర్రటి అంకెల్లో మిగిలిన టైము తరిగిపోతూ ఉంటుంది. ఆ గడియారం పెట్టినవాడికి మనుషుల సంగతి బాగా తెలుసు.

నాకు ఉత్సాహం వచ్చింది. నిజం చెప్పాలంటే మామ కంటే నాకే ఎక్కువ వచ్చింది. ఆ రాత్రి ఎక్సెల్ షీటు తెరిచి కూర్చున్నా. ఆసు, రెండు, రాజు ఒక్కో రంగులో రెండేసి సీక్వెన్సుల్లోనే ఇముడుతాయి. మిగతా ముక్కలు మూడేసింటిలో. పైగా ఆసూ రాజూ పది పాయింట్ల బరువు. కాబట్టి జత లేని రాజుని మొదటి చుట్టులోనే వదిలించుకోవాలి. ఇది పాతదే, మామకి నాకంటే బాగా తెలుసు. కొత్తది వేరే ఉంది. పూల్ ఆటలో గెలవడమంటే చావకుండా ఉండటం. అక్కడ ఐదు స్కూట్లు రక్షణ. ఇక్కడ ఆరు ఆటల తర్వాత బతికున్నందుకు ఎవడూ ఏమీ ఇవ్వడు, మొదటివాడికే మొత్తం. రెండోవాడూ ఆరోవాడూ ఒకటే.

వాయిస్ మెసేజీలు పెట్టా. "మావా, మొదటి మూడాటలు ముక్క బాగలేకపోతే మొహమాటపడకుండా స్కూట్ చెయ్. ఒక ఆట గెలిస్తే మిగతా ఐదుగురి నుంచి నూటనలభై దాకా వస్తాయి, ఏడు స్కూట్లకి సరి. నాలుగో ఆటనుంచి నీ స్థానం చూస్కో. పైనుంటే మళ్లీ స్కూటే. కిందుంటే ఎంత చెత్త ముక్క వచ్చినా ఆడు, ఫుల్ కౌంట్‌కి భయపడొద్దు. ఎనభై పోయినా ఇరవై పోయినా నీకు ఒకటే."

ఆయన కాసేపాగి ఒకటే జవాబు పెట్టాడు: "ఇది స్కూట్ ఆట కాదులేరా."

మొదటి రోజు ఐదొందల బల్లలు పన్నెండు ఆడాడు. మూడు గెలిచాడు. ఖర్చులు పోను పదిహేనొందలు మిగిలాయి. రాత్రి ఇద్దరం ఫోన్లో గంట మాట్లాడుకున్నాం, నిజంగా క్రికెట్ కోచ్‌లాగా ప్రతి ముక్కా విశ్లేషించా. అత్తకి మాత్రం శ్రీసిటీలో కాంట్రాక్టు పని దొరికిందని చెప్పాడు. రోజూ తెల్లారి బైకు మీద బయల్దేరి, గంటన్నర పైన ప్రయాణం చేసి, ఆరంబాకంలో టీ కొట్టు బల్ల మీద చార్జరు పెట్టుకుని కూర్చునేవాడు. ముక్కకి ముప్పై సెకన్లు. సిగ్నల్ పోతే ఆట దానంతటదే నడిచిపోతుంది. ఎదురుగా మొహాల్లేవు, పేర్లు మాత్రమే. ప్రతి బల్లకీ కొత్త ఐదుగురు. ఎవడు ఏ రంగు దాచుకుంటాడో పసిగట్టే లోపల ఆరు ఆటలూ అయిపోయేవి. మామ చేతిలో ఉన్న అసలు విద్య అక్కడ పనికిరాలేదు. పనికొచ్చిందల్లా నా షీటు.

ఆ షీటులో ఒక గడి తక్కువైంది. ఆరుగురు ఐదొందలు కడితే మూడు వేలు. గెలిచినవాడికి ఇచ్చేది రెండున్నర వేలు. అంటే ఆరుగురూ సమానంగా ఆడేవాళ్లే అనుకున్నా, ప్రతివాడూ బల్లకి సగటున ఎనభై మూడు రూపాయలు కంపెనీకి ఇచ్చి లేస్తాడు. పన్నెండు బల్లలకి వెయ్యి. పది రోజులకి పదివేలు. స్కూట్‌కి ఇరవై అని మామ చిన్నప్పుడే నేర్పాడు కదా, బల్ల దగ్గర కూర్చున్నందుకే ఒక స్కూట్ పడుతుందని నాకు తట్టలేదు. ఇంజనీరింగ్ చదివినవాణ్ణి. పదో రోజు తర్వాత, ఆయన ఫోన్ ఎత్తడం మానేశాక, కూర్చుని కూడితే తేలింది.

వేట నిషేధ కాలానికి ఆ ఏడు మత్స్యకార భరోసా పదివేలు మే నెలలోనే పడ్డాయి. అది మామ ఖాతాలో ఎన్ని రోజులుందో నాకు తెలీదు, అడగలేదు. జూన్ 14 లోపల ఇంజను బాగుచేయించాలని అత్త దాచుకున్న డబ్బూ అందులో కలిసిందని తర్వాత అమ్మ చెప్పింది. బైకు ఎవరికొచ్చిందో కూడా తెలీదు. పట్టికలో మామ రెండొందల చిల్లర స్థానంలో ఉన్నాడని ఒక స్క్రీన్‌షాట్ ఇంకా నా గ్యాలరీలో ఉంది.

2025 ఆగస్టులో పార్లమెంటు చట్టం చేసి దేశమంతటా డబ్బు ఆటల్ని మూసేసింది. ఆ వార్త నేను మామకి పంపితే రెండు నీలం గీతలు వచ్చాయి, జవాబు రాలేదు.

ఈసారి ఊరెళ్లినప్పుడు అత్త పెరట్లో చేపలు తోముతోంది. మామ ఒడ్డున ఉన్నాడు. ఎన్నిసార్లో చెప్పాలనుకుని చెప్పలేకపోయిన మాట, ఏదో ధైర్యం చేసి చెప్పేశా. అప్పుడు ఎట్టా ఆడాలో మామకి చెప్పింది నేనే అత్తా, లెక్కలేసి మరీ చెప్పా అని.

ఆమె చెయ్యి ఆపలేదు. "తెల్దా ఏంది. నీ మాటలు ఫోన్లో పెట్టుకోని వంటింట్లో కూడా వింటా ఉన్నేడు. పైనుంటే స్కూటు, కిందుంటే ఆడు అని. నాకూ నోటికొచ్చింది."

"మరి శ్రీసిటీ అన్నాడు గదా?"

"అన్నేడు. శ్రీసిటీకి చార్జరెందుకురా?"

బూడిద రాసి ఇంకో చేపని రాయికేసి తోమింది. నేనక్కడే చెప్పులు విప్పకుండా నిలబడి ఉన్నా. అప్పుడు చూశా, చెవులకి చీపురుపుల్లలు. నాలుగేళ్లలో పండక్కీ పబ్బానికీ ఎన్నిసార్లు ఈ ఇంటికొచ్చానో, ఆమె చేత్తో ఎన్నిసార్లు అన్నం తిన్నానో.

"కమ్మలేవి అత్తా?"

"కోటలో ఉండాయి. ఇంజనప్పుడు పెట్టింది." పళ్లెం నా వైపు జరిపింది. "ఆ నీళ్లు కాస్త పొయ్యి."