తల మీదికి ఎత్తే బరువు

ఆటల పోటీలకు మన పిల్లల్ని తీసుకెళ్ళినప్పుడల్లా మాకొక మాట వినిపిస్తుంది. "మీవాళ్ళకేం మాస్టారూ, కొండ మనుషులు. బలం పుట్టుకతోనే వస్తుంది." మెచ్చుకోలుగానే అంటారు. కానీ ఆ మాటతో మన నేర్పంతా కొట్టుకుపోతుంది. పుట్టుకతో వచ్చేదైతే ఇక బడిలో నేర్పడానికేముంది?

చింతపండు గంపతో సంతకు బయలుదేరే మన అమ్మల్ని చూడండి. చేతులు చాచి, నడుం వంచి గంపనెత్తరు. ముందు ఒంటికి దగ్గరగా లాక్కుంటారు. మోకాళ్ళు మడిచి తొడల మీదికి తెచ్చుకుంటారు. అక్కడ ఊపిరి బిగబట్టి, కాళ్ళ ఊపుతో తల మీది చుట్టకుదురుకు చేరుస్తారు. జానెడు దూరంలో ఉన్న బరువు మూరెడు దూరం జరిగితే నడుము మీద దాని ప్రభావం రెట్టింపవుతుంది. హైస్కూల్లో బల భ్రామకం అని మనం చెప్పే పాఠం ఇదే. అమ్మలకు ఆ పేరు తెలియదు, అంతే.

స్ట్రాంగ్‌మన్ పోటీల్లో దుంగనెత్తేవాళ్ళదీ ఇదే దారి. నేల నుంచి ఒడిలోకి, ఒడిలోంచి రొమ్ము మీదికి, అక్కడి నుంచి తల పైకి. దుంగ లావు కాబట్టి దాని బరువు ఒంటికి ముందుగా పడుతుంది. అందుకే కాస్త వెనక్కి వాలతారు. వాలడం ఎక్కువైతే నడుముకు ముప్పు. ఒలింపిక్స్‌లో 1972 వరకు ప్రెస్ అని ఇంకో ఎత్తు ఉండేది. కాళ్ళ సాయం లేకుండా చేతులతో తోయాలి. ఎత్తేవాళ్ళు విల్లులా వెనక్కి వంగిపోతుంటే తప్పొప్పులు తేల్చడం కష్టమై దాన్ని తీసేశారు.

జెర్క్ వేరు. మోకాళ్ళు కొద్దిగా మడిచి ఒక్క ఊపున లేస్తారు. బార్ పైకి లేచిన ఆ రెప్పపాటులో మనిషి కిందికి దిగుతాడు. ఒక కాలు ముందుకు, ఒకటి వెనక్కి వేసి, మోచేతులు బిగించి దాని కింద నిలబడతాడు. బరువును పైకి పంపడం సగం పనే, దాని కిందికి తాను చేరడం మిగతా సగం.

మన సీతంపేట కొండల కింద, ఆమదాలవలస వైపు నుంచి వెళ్ళిన కరణం మల్లీశ్వరి 2000లో సిడ్నీలో 69 కిలోల విభాగంలో పోటీ చేసింది. స్నాచ్‌లో 110, క్లీన్ అండ్ జెర్క్‌లో 130, మొత్తం 240 కిలోలకు కంచు పతకం. ఒలింపిక్ పతకం గెలిచిన మొదటి భారతీయ మహిళ ఆమె. ఆఖరుసారి 137.5 అడిగింది, అది మాత్రం దక్కలేదు. తన ఒంటి బరువుకు దాదాపు రెట్టింపును తల మీద నిలపడం చేతుల బలంతో అయ్యే పనా? చిన్నప్పటి నుంచీ గురువు దగ్గర నేర్చుకుంది.

మా బడిలో బార్ లేదు. వెదురు కర్రతో మొదలుపెట్టాం. ఒకరు కర్రను తల పైకెత్తి నిలబడితే, ఇంకొకరు పక్కన దారానికి రాయి కట్టి వేలాడదీస్తారు. కర్ర, భుజం, తుంటి, పాదం మధ్యభాగం ఆ దారం వెంటే ఉండాలి. కర్ర ముందుకు పోతే భుజాలు, వెనక్కి పోతే నడుము అవస్థ పడతాయి. వరసగా పదిసార్లు గీత తప్పకపోతేనే కర్ర చివర్లకు నీళ్ళ సీసాలు కడతాం. బరువులకు తొందరపడే మగపిల్లలకు ఇది నచ్చడం లేదు. కానీ ఎత్తేవాళ్ళ కంటే దారం పట్టుకుని చూసే పిల్లలే ముందు నేర్చుకుంటున్నారు. అది మేము అనుకోనిది.