పాతకారునకు క్రొత్తగొంతుక

పాతవస్తువును బాగుచేయుట క్రొత్తవస్తువును కొనుటకంటె కష్టము. కొనుటకు ధనము చాలును. బాగుచేయుటకు, దేనిని నిలుపవలెనో దేనిని మార్చవలెనో తెలిసిన వివేకముకూడ కావలెను. ఈ మాట లోకులందఱు ఎఱిగినదే. మేమును పలుమారు సభలలో చెప్పియుంటిమి. అయినను దాని యర్థము మాకు బోధపడినది 2017వ సంవత్సరపు వేసవిలో, మా తండ్రిగారి కారులోని స్పీకరు మూగవోయినప్పుడు.

మాది రాజమహేంద్రవరము. మా తండ్రిగారు 1968లో ఒక అంబాసిడరు కారును కొనిరి. వంగదేశమున ఉత్తరపారాలోని హిందుస్థాన్ మోటార్సువారి కర్మాగారములో పుట్టిన కారది. ఆంగ్లదేశపు మారిస్ ఆక్స్‌ఫర్డు మూడవశ్రేణి కారు దానికి మాతృక. ఆ జాతి కార్ల తయారు 2014లో నిలిచిపోయినది. మాది రెండవమార్కుది. గేరుకడ్డీ స్టీరింగు ప్రక్కన ఉండును. ముందుసీటు అరుగువలె ఏకముగా ఉండును. దట్టమైన రేకు, గుండ్రని వీపు, కదలినప్పుడు ముసలిదొరవంటి గాంభీర్యము. పెండ్లిండ్లకును పుష్కరములకును ఎనమండుగురిని ఎక్కించుకొని పోయినను అది యెన్నడును విసుగుకొనలేదు.

ఆ కారులో కూర్చుండుటకు ఒక క్రమముండెడిది. దానిని ఎవరును శాసించలేదు, ఎవరును అతిక్రమించలేదు. తండ్రిగారు నడుపుదురు. ఆయన ప్రక్కన మా యన్నగారు, వారి ప్రక్కన మేము. వెనుక మా తల్లిగారు, అప్పచెల్లెండ్రు, పులిహోర గిన్నె, మంచినీళ్ల కూజా. రేడియో ముందుపలకలో ఉండెను. దానికి స్పీకరు ఒక్కటే. అదియు ముందుపలకలోనే, చిన్న జాలీ వెనుక, నడుపువాని మోకాళ్లవైపు తిరిగి యుండెను.

స్పీకరు మూగవోయినదంటిమి కదా. మొదట గరగరమన్నది, తరువాత గొణిగినది, తుదకు ఒకనాడు నోరుమూసినది. విప్పి చూచితిమి. స్పీకరులోని యేర్పాటు సులభమైనది. ఒక అయస్కాంతము, దాని సందులో కదలాడు సన్నని తీగచుట్ట, ఆ చుట్టకు అతికించిన కాగితపు గరాటు. రేడియోనుండి వచ్చు విద్యుత్తు తీగచుట్టను ముందువెనుకలకు ఊపును. చుట్టతో గరాటు ఊగును. గరాటుతో గాలి ఊగును. అదియే మనకు వినవచ్చు మాట. ఏండ్ల తరబడి ముందుటద్దమునుండి పడిన యెండకు మా గరాటు పెళుసెక్కినది. వానకాలపు చెమ్మకు అంచు చివికినది. చుట్ట ఒకవైపు ఒరిగి అయస్కాంతమునకు రాచుకొని తెగిపోయినది. పూర్వము మా యూరిలో గరాటును మార్చి క్రొత్తచుట్టను అతికించి యిచ్చు పనివాడొకడు ఉండెడివాడు. వెదకుచు పోతిమి. అతని దుకాణమున్నచోట సెల్లుఫోనుల కవచములు అమ్ముచుండిరి.

ఇక క్రొత్తది అమర్చక తప్పదు. ఇచ్చటనే మా యింటిలో రెండు పక్షములు ఏర్పడెను. మా యన్నగారి కొడుకు క్రొత్తపక్షము. "బాబాయ్, నాలుగు తలుపులకూ నాలుగు స్పీకర్లు, డిక్కీలో ఒక పెద్దది పెడదాం. ఈ పాత డబ్బా తీసేద్దాం" అని వాని వాదము. అందుకు తలుపుల రేకులు గుండ్రముగా కోయవలెను. మా యన్నగారు పాతపక్షము. "నాన్నగారి కారులో ఒక్క రేకు తెగడానికి వీల్లేదు. ఆయన ఎలా ఉంచారో అలాగే ఉండాలి" అని వారి శాసనము. మేము మధ్యస్థులము. మధ్యస్థులకు సాధారణముగా ఉండు సౌకర్యమే మాకును ఉండెను. ఏ పనియు చేయక ఇరువురకును తల యూపుచుంటిమి.

తలయూపుట చాలించి పొరుగుపట్టణములోని ఒక దుకాణమునకు కారును తోలుకొని పోతిమి. అచ్చటి యువకుడు జాలీని కొలిచి, పాతదానంత వెడల్పుగల క్రొత్త స్పీకరును ముందుపలకలో బిగించెను. అయస్కాంతము లోతెక్కువై వెనుకనున్న వైపరు యంత్రమునకు తగిలినది. దానిని కొంచెము ప్రక్కకు వంచి సరిచేసెను. పాట మ్రోగినది. సొమ్మిచ్చి బయలుదేరితిమి. అరగంట గడచునప్పటికి మాట ముద్దగట్టినది. ముందుపలకను తాకగా చేయి చుఱ్ఱుమన్నది. కాలిన వాసన కూడ సోకినది. గభాలున రేడియోను ఆపివేసితిమి.

ఆ యువకుని నిందింపగలము. కాని సగము తప్పు మాది. మేము స్పీకరు వెలను చదివితిమి గాని దాని వీపుమీద అచ్చువేసిన అంకెను చదువలేదు. మా పాతరేడియో 8 ఓముల స్పీకరుకొఱకు చేయబడినది. క్రొత్తస్పీకరు 4 ఓములది. ఓములు సగమైనచో రేడియోనుండి లాగబడు విద్యుత్తు హెచ్చును. బక్క యెద్దుకు బరువుబండి కట్టినట్లు రేడియో తన శక్తికి మించి పనిచేసి వేడెక్కును. నేడు కార్లకని అమ్ము స్పీకర్లలో అధికభాగము 4 ఓములవే. పాతరేడియోను ఉంచుకొనదలచినవారు ముందుగా దానిమీద ఏ యంకె యున్నదో చూచుకొనవలెను. మల్టీమీటరుతో కొలిచినచో 8 ఓముల స్పీకరు సుమారు 6, 7 ఓములు చూపును. 4 ఓములది మూడింటికి కొంచెము పైగా చూపును. తక్కువ చూపినదని భయపడనక్కఱలేదు.

ఇంటికి వచ్చి స్పీకరును విప్పుచుండగా మాకొక సంగతి కనబడెను. జాలీ వెనుకనున్న రేకు కర్మాగారములో కోసినది కాదు. ఎవరో రంపముతో చేతిపనిగా కోసినట్లు అంచు వంకరటింకరగా ఉండెను. ఒకచోట గీత తప్పి రేకు చీలికూడ ఉండెను. అనుమానముతో తండ్రిగారి పాతకాగితముల పెట్టెను తెఱచితిమి. అందులో కారు రేడియోకు తపాలాకార్యాలయమువారిచ్చిన లైసెన్సు పుస్తకము దొరికినది. రేడియో వినుటకు ఏటేట రుసుము చెల్లింపవలసిన కాలమది. పుస్తకములోని మొదటి ముద్ర 1974వ సంవత్సరమునాటిది. కారు కొన్నది 1968లో. అనగా ఆఱేండ్లు ఆ కారు రేడియో లేకయే తిరిగినది. మా యన్నగారు సనాతనమని కాపాడుచున్న స్పీకరు తండ్రిగారు స్వయముగా రేకు కోయించి పెట్టించిన నూతనాచారమన్నమాట!

పుస్తకమును మా యన్నగారి చేతికిచ్చితిమి. ఆయన చాలసేపు చూచి, "అయితే నాన్నగారే కోయించారా?" అని మాత్రము అనిరి. మేము గెలిచినట్లు నవ్వలేదు. మన యిండ్లలో తరతరములనాటివని తలచు అలవాట్లు ఎన్ని, ఏ తాతగారి కాలముననో ఎవరి సౌకర్యమునకో అమర్చబడినవి కావు? రంపపుగీత కనబడనంతవఱకు వానిని పుట్టుకతో వచ్చినవనియే నమ్ముచుందుము.

అంతవఱకు మా పక్షములన్నియు మగవారివి. మా తల్లిగారికప్పుడు ఎనుబదిరెండేండ్లు. వరండాలో వత్తులు చేసికొనుచు ఈ వాదములన్నియు వినుచుండిరి. ఆమె నడుగవలెనని మాలో నెవరికిని తోచలేదు. లైసెన్సు పుస్తకము చూపుటకు పోయి, "అమ్మా, ఆ రేడియో పెట్టించిన రోజు నీకు జ్ఞాపకమున్నదా?" అంటిమి.

ఆమె వత్తి చేయుట ఆపిరి. "ఎందుకు లేదురా? నాటకాలు వచ్చేవి. మీ నాన్నగారు నవ్వేవారు. ఆయన నవ్వితే నేనూ నవ్వేదాన్ని. ఎందుకు నవ్వారో మటుకు తెలిసేది కాదు. వెనక్కి ఏం వినపడేదని? కిటికీ గాలి, ఇంజనీ రొద. అంతే."

"మఱి నాన్నగారితో చెప్పలేదేమమ్మా?"

"అడిగితే కదరా చెప్పడానికి?" అని ఆమె మరల వత్తి చేతబట్టిరి.

ఆ మాటలో కోపము లేదు. ఉన్నయెడల మాకు కొంత తేలికగా ఉండెడిది. 1948 డిసెంబరు 1వ తేదీన ప్రారంభమైన విజయవాడ ఆకాశవాణి కేంద్రము నాటకములను, సంగీతమును, వార్తలను ఆ కారులో మేమెంతయో విని యున్నాము; తరువాత వానినిగూర్చి యింటిలో చర్చించియు నున్నాము. ఆ చర్చలలో మా తల్లిగారు మౌనముగా ఉండుట చూచి, ఆమెకు అట్టి విషయములందు అభిరుచి లేదని తలచితిమి! స్త్రీవిద్యనుగూర్చి వేదికలెక్కి మాటలాడిన మాకు, మా వెనుకసీటువఱకు మాట చేరుచున్నదా లేదా అను ప్రశ్న నలువదిమూడేండ్లలో ఒక్కమారైనను పుట్టలేదు. మూలరూపమును కాపాడుటయనగా ఈ వినబడమిని కూడ కాపాడుటయేనా?

ఆ సాయంకాలము పక్షములు రెండును కూలిపోయినవి. మేము ముగ్గురమును కూర్చుండి యొక నిశ్చయము చేసికొంటిమి: కారు రేకు కోయరాదు, వెనుకసీటునకు మాట చేరవలెను. మా యన్నకుమారుడే ఉపాయము చెప్పెను. మాది ఒంటిధ్వని రేడియో. దానికి 8 ఓములు కావలెను. 4 ఓముల స్పీకర్లు రెండింటిని శ్రేణిసంధానము చేసినచో మొత్తము 8 ఓములగును. ఒకటి ముందు, ఒకటి వెనుక. చౌకయైన యంకగణితము, ఇంతకుముందు దానినెవరును వేయలేదు.

లోతు తక్కువైన స్పీకర్లు రెండు ఒకే జాతివి తెచ్చితిమి. ఒకటి పాతజాలీ వెనుకనే ఇమిడినది. వైపరు యంత్రమును మరల తన చోటికి త్రిప్పితిమి. రెండవదానికి వడ్రంగిచేత టేకుపెట్టె నొకదానిని చేయించి, వెనుకటద్దము క్రింది అరమీద ఉంచితిమి. పెట్టె వెనుకభాగమును మూయించితిమి. లేనిచో గరాటు వెనుకనుండి వచ్చు ధ్వని ముందుధ్వనిని తినివేయును. బ్రేకు వేసినప్పుడు ముందుకు ఎగిరి తలలకు తగులకుండ, కారులో ముందే ఉన్న మరలకు పట్టీతో బిగించితిమి. పనికి ముందు బ్యాటరీ తీగను ఊడదీసితిమి. తీగను గుమ్మపురేకు ప్రక్కగా తివాసి క్రిందుగా నడిపి, ఇనుపరంధ్రము దాటుచోట రబ్బరు గొట్టము తొడిగితిమి. రేపెవరైనను ఈ యేర్పాటు వలదనుకొన్నచో పెట్టెను, తీగను తీసివేయవచ్చును. కారుమీద మా గుర్తు ఒక్కటియు మిగులదు. తరువాత 2021లో, ఏబదియేండ్లు దాటి మూలరూపము చెడక నిలిచిన వాహనములకు కేంద్రప్రభుత్వమువారు ప్రత్యేకపు రిజిస్ట్రేషను ఏర్పఱచినప్పుడు, మా రంపము పెట్టెలోనే ఉండిపోయినందుకు సంతోషించితిమి.

అన్నియు బిగించి రేడియో తిప్పితిమి. శబ్దము వచ్చినది, కాని పస లేదు. మాకు కారణము తోచలేదు. మా తల్లిగారిని వెనుకసీటులో కూర్చుండబెట్టి, "ఎట్లున్నదమ్మా?" అని ఈసారి మఱువక అడిగితిమి. "మనిషి నూతిలోంచి మాట్లాడినట్టుందిరా" అనిరి ఆమె. ఆ యొక్కమాటతో లోపము దొరికినది. ఒక స్పీకరు తీగలు తారుమాఱైనవి. ముందుగరాటు బయటికి వచ్చునప్పుడు వెనుకది లోనికి పోవుచుండెను. ఒకటి త్రోసిన గాలిని మఱియొకటి లాగుచుండుటచే మంద్రధ్వని నశించుచుండెను. దీనిని కనుగొనుటకు సామాన్యమైన 1.5 వోల్టుల సెల్లు చాలును. సెల్లు ధనధ్రువమును స్పీకరు ధనగుర్తునకు తాకించినచో గరాటు బయటికి ఉబుకవలెను. తీగలను మార్చితిమి. మాట నిండుగా పలికినది.

మఱునాటి సాయంకాలము, రేడియో లైసెన్సు పుట్టిన ఆ 1974లోనే ప్రారంభమైన గోదావరి రోడ్డు-రైలు వంతెనమీదుగా కొవ్వూరు వైపు బయలుదేరితిమి. కిటికీలు తెఱచియే ఉన్నవి. వంతెన నడుమ రేడియోలో ఎవరో హాస్యప్రసంగము చేయుచుండిరి. మేము ఇంకను మాట పట్టుకొనకముందే వెనుకనుండి నవ్వు వినబడెను. మా యన్నగారు, మేము ఒకరి మొగమొకరము చూచుకొంటిమి. "ఏమన్నాడమ్మా?" అని అన్నగారు వెనుకకు తిరిగి అడిగిరి. ఆమె చెప్పిరి. అప్పుడు మేము నవ్వితిమి.

శ్రేణిసంధానమునకు ఒక లక్షణము కలదు. రెండింటిలో ఏ యొక్కదాని తీగ తెగినను రెండవదియు మూగవోవును. ఇది లోపమని మా యన్నకుమారుడు చెప్పుచుండును. విద్యుచ్ఛాస్త్రము ప్రకారము వాడు చెప్పినది నిజమే. అయినను మేము దానిని మార్చుకొనలేదు. వెనుకసీటునకు మాట చేరనినాడు ముందుసీటునకును చేరకుండుటయే మా యింటికి మంచిదని ఊరకుంటిమి.