వెలుగు మీద నల్ల పొర

లైటార్పాక ట్యాబ్‌లో చదివేవాళ్లకి తెలుసు, బ్రైట్‌నెస్ పూర్తిగా తగ్గించేసినా తెల్ల పేజీ కళ్లలో గుచ్చుతూనే ఉంటుంది. ట్వైలైట్ లాంటి ఫిల్టర్ యాప్‌లు అక్కడే పనికొస్తాయి. అవి చేసేదల్లా తెర మీద పల్చటి నల్ల పొరో ఎర్ర పొరో పరవడం. ఎల్‌సీడీ ట్యాబ్‌లో వెనక దీపం మాత్రం అలాగే వెలుగుతుంటుంది, కాబట్టి బ్యాటరీ మిగులుతుందని ఆశ పెట్టుకోకండి. ఓఎల్ఈడీ అయితే కాస్త నయం.

ఆండ్రాయిడ్ 6 రోజుల్లో ఈ పొర ఉంటే ఏ యాప్‌కీ పర్మిషన్ నొక్కనిచ్చేది కాదు, అదో గోల! 2021లో ఆండ్రాయిడ్ 12తో, తెరను ఇంకా మసకబార్చే 'ఎక్స్‌ట్రా డిమ్' సెట్టింగుల్లోకే వచ్చేసింది. మీ ట్యాబ్‌లో అదుంటే వేరే యాప్ దండగ.

రాత్రిళ్లు పెళ్లి ఫొటోలు ఎడిట్ చేసేవాళ్లు మాత్రం ముందు ఎర్ర ఫిల్టర్ తీసెయ్యండి. లేకపోతే పొద్దున్నే పెళ్లికూతురు నీలంగా కనిపిస్తుంది.