గాలి తుడిచే అద్దం

పిల్లలూ! వానలో మోటారు బండి అద్దాన్ని తుడిచే వైపరును మీరు చూసే ఉంటారు. ఈనాటి బండ్లలో దాన్ని ఆడించేది కరెంటు. కాని వరంగల్ పక్కన హనుమకొండలో మా యింట ఒక పాత పెట్రోలు జీపు ఉన్నది. అమెరికాలోని విల్లీస్ కంపెనీ నమూనాతో మహీంద్రా వారు బొంబాయిలో తయారుచేసిన రకం. దాని వైపరును ఆడించేది గాలి!

ఎలాగంటారా? ఇంజను ఎప్పుడూ గాలి పీల్చుకుంటూ ఉంటుంది. ఆ గాలి దారిలో ఒక చిన్న తలుపు. యాక్సిలరేటరు తొక్కితే తెరుచుకుంటుంది, కాలు తీస్తే మూసుకుంటుంది. మూసుకున్నప్పుడు తలుపు లోపలి పక్క గాలి పలచబడుతుంది. అక్కడి నుంచి ఒక రబ్బరు గొట్టం అద్దం దగ్గరున్న డబ్బాకు వస్తుంది. డబ్బాలో ఒక రేకు. రేకుకు ఒక పక్కనున్న గాలిని గొట్టం లాగేస్తే, రెండో పక్కనుంచి బయటి గాలి దాన్ని నెడుతుంది. రేకు చివరికి చేరగానే ఒక కవాటం దారి మారుస్తుంది. రేకు వెనక్కు మళ్లుతుంది, దానితోపాటు వైపరూను. బొప్పాయి ఆకు కాడతో నీళ్లు పీల్చారా ఎప్పుడైనా? ఆ నీళ్లను పైకి నెట్టేదీ బయటి గాలే.

చిక్కల్లా ఎత్తు ఎక్కేటప్పుడు. కాజీపేటలో రైలుపట్టాల మీది ఫాతిమానగర్ వంతెన ఎక్కాలంటే యాక్సిలరేటరు గట్టిగా తొక్కాలి. తలుపు బార్లా తెరుచుకుంటుంది, పీలుపు పోతుంది, వైపరు అద్దం నడుమ నిలిచిపోతుంది. ఎదురుగా లారీ! నేను అప్పుడు కాలు ఒక్క క్షణం పైకెత్తుతాను. చటుక్కున రెండు తుడుపులు తుడుస్తుంది. (వానలో ఇటువంటి బండికి అడ్డంగా పరుగెత్తకండి సుమా! నడిపేవాడికి మీరు కనబడకపోవచ్చు.)

మొన్నటి వానాకాలంలో ఆ వైపరు చదును రోడ్డు మీద కూడా చతికిలబడింది. డబ్బా పాడైందని అందరూ అన్నారు. నాకు మాత్రం గొట్టం మీదే అనుమానం. ఇంజను దగ్గర దాన్ని వేళ్లతో నొక్కిపట్టాను. అంతదాకా తడబడుతున్న ఇంజను కుదురుగా ఆడింది! అంటే దొంగగాలి దూరుతున్నదన్నమాట. కాడకు చిల్లు పడితే నీళ్లు వస్తాయా? చూస్తే, గొట్టం మడత దగ్గర సన్నని నెర్రె. పీలుపుకు నొక్కుకుపోని దళసరి గొట్టం తెచ్చాను. డబ్బా విప్పి, గట్టిపడిన గ్రీజు తుడిచి, రేకు అంచునున్న తోలుకు నాలుగు చుక్కల నూనె పట్టించాను.

గొట్టం రెండో కొసను మా అమ్మాయి నోటితో పీల్చింది. వైపరు కదిలింది! ఇక ఆ పిల్ల ఇంజనుకు గొట్టం తగిలించనివ్వదే!